థర్మల్ బూడిద కలిపిన సిమెంట్‌తో స్లాబ్ వెయ్యొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. నరసరావుపేట దగ్గర జీ ప్లస్ వన్ కడుతున్నారు, పిల్లర్లు లేచాయి, ఏప్రిల్ చివర్లో మొదటి స్లాబ్. డీలర్ పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంట్) తీసుకోమంటున్నాడు. మేస్త్రి ఏమో అది థర్మల్ బూడిద కలిపిన సిమెంట్, స్లాబ్‌కి పనికిరాదు, 53 గ్రేడే తేవాలి అంటున్నాడు. విశాఖలో ఉండే మీ బావమరిది స్లాగ్ సిమెంట్, అంటే స్టీల్ ప్లాంట్ చిట్టెం కలిపింది, వాడమన్నాడు. ఫ్యాక్టరీల్లో మిగిలిన చెత్తని బస్తాలో నింపి మనకి అంటగడుతున్నారా, ఇందులో కంపెనీలకే కదా లాభం అని మీ అనుమానం.

వెయ్యొచ్చు, నిశ్చింతగా వెయ్యండి. పీపీసీ అయినా స్లాగ్ సిమెంట్ అయినా మీ ఇంటి స్లాబ్‌కి, బీములకి, ప్లాస్టరింగ్‌కి అన్నిటికీ పనికొస్తుంది, పదేళ్లు ఇరవయ్యేళ్ల లెక్క చూస్తే మామూలు ఓపీసీ (బూడిద, స్లాగ్ కలపని సిమెంట్, మీ మేస్త్రి అడిగే 53 గ్రేడ్ అదే) కంటే మంచిది కూడా. కాకపోతే దానికి రెండు కావాలి, నీళ్లు, టైము. పద్నాలుగు రోజులు తడి ఆరకుండా చూసుకోగలిగితే, సెంట్రింగ్ విప్పడానికి తొందర పడకుండా ఉంటే పీపీసీ తీసుకోండి. అవి రెండూ కుదరవంటే మాత్రం నాకు చెప్పండి, అప్పుడు వేరే మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ రెండూ కుదరని చోట 53 గ్రేడ్ వేసినా నేను పూచీ ఇవ్వను.

నేను ఈ పనిలో 26 ఏళ్ల నుంచి ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో, తర్వాత రెడీమిక్స్ ప్లాంట్లలో (కాంక్రీట్ కలిపి లారీల్లో సైట్‌కి పంపే చోట) క్వాలిటీ, ఇప్పుడు సైట్లకి వెళ్లి టెస్టింగ్ చూస్తున్నాను. బూడిద సిమెంట్ అన్న మాట వినని నెల లేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అసలు బూడిద లోపల ఏం చేస్తుంది

సిమెంట్‌లో నీళ్లు పడగానే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కంకరని ఇసుకని పట్టుకునే జిగురు, బలం అంతా దానిదే. రెండోది సున్నం. ఈ సున్నం వల్ల బలం పెద్దగా రాదు, పైగా నీళ్లు తగిలితే కరిగి బయటికొస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుల కింద, స్లాబ్ చెమ్మ ఎక్కిన చోట తెల్లగా కారి గట్టిపడిన చారలు చూసే ఉంటారు, అదే ఈ సున్నం. అది కరిగిపోయిన చోట సన్నటి ఖాళీలు మిగులుతాయి, ఆ దారిలోనే తేమ, ఉప్పు లోపలికెళ్లి ఇనుము తుప్పు పడుతుంది.

ఫ్లై యాష్‌లో, అంటే ఈ థర్మల్ బూడిదలో, ఎక్కువగా ఉండేది సిలికా, అల్యూమినా. తడి ఉన్నంతసేపూ అది ఈ సున్నంతో నెమ్మదిగా కలిసి దాన్ని కూడా జిగురుగా మార్చేస్తుంది. అంటే వృథాగా పోయే సున్నాన్ని బలంగా మారుస్తుందన్నమాట, ఖాళీలు కూడా పూడుకుపోతాయి. అందుకే దీన్ని ఊరికే బరువు కోసం కలిపిన పొడి అనుకోకూడదు.

ఇది మనకి కొత్త విద్యేమీ కాదండి. మన తాతల కాలంలో గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవాళ్లు, సుర్కీ అనేవాళ్లు దాన్ని. కాల్చిన మట్టిలో ఉన్న సిలికా సున్నంతో కలవడమే అక్కడ జరిగేది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ డ్యామ్ సున్నం, సుర్కీతో కట్టిందే. రోమన్లు పొజువోలి అనే ఊరి దగ్గర దొరికే అగ్నిపర్వతం బూడిదని సున్నంలో కలిపి కట్టేవాళ్లు, పీపీసీలో మధ్య 'పీ' పొజొలానా అనేది ఆ ఊరి పేరు నుంచి వచ్చిందే. అమెరికాలో హంగ్రీ హార్స్ డ్యామ్‌కి 1950 ప్రాంతంలోనే థర్మల్ బూడిద లక్ష టన్నుల పైన వాడారు.

ఇంకోటి, బస్తాలోకి వచ్చే బూడిద అందరూ అనుకున్నట్టు చెరువులోంచి తోడుకొచ్చింది కాదు. థర్మల్ ప్లాంట్‌లో బొగ్గుని మెత్తగా పొడి చేసి మండిస్తారు, మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది. పొగతో పాటు పైకి లేచే సన్నటి బూడిదని చిమ్నీకి చేరకముందే కరెంటుతో పట్టుకునే యంత్రాలుంటాయి, ఈఎస్పీ అంటారు. అక్కడ పొడిగా పట్టుకున్నదాన్ని సైలోలో నింపి ట్యాంకర్లలో సిమెంట్ ఫ్యాక్టరీకి తెస్తారు. వేళ్ల మధ్య రుద్దితే టాల్కం పౌడర్‌లా జారిపోతుంది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మైక్రోస్కోప్‌లో మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది, అన్నీ గుండ్రటి గాజు గోళీలు, చిన్నవీ పెద్దవీ, కొన్ని లోపల డొల్ల. ఆ గుండ్రదనం వల్లే పీపీసీ కాంక్రీట్ తక్కువ నీళ్లతో కూడా బాగా జారుతుంది, మేస్త్రికి పని సులువవుతుంది.

బాయిలర్ అడుక్కి పడే ముతక బూడిద వేరు. దాన్ని నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదులుతారు. అది నేల పూడ్చడానికి, ఇటుకలకి పనికొస్తుంది గానీ స్లాబ్ సిమెంట్‌లోకి రాదు. మీ ఊళ్లో ఎవరైనా ట్రాక్టర్‌లో చెరువు బూడిద తెచ్చి సిమెంట్‌లో కలుపుకోండి, ఖర్చు తగ్గుతుంది అంటే దండం పెట్టి పంపించెయ్యండి.

ఎంత కలుపుతారు

లెక్క ఉంది. పీపీసీకి ఐఎస్ 1489 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ప్రకారం ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం మధ్య ఉండాలి. స్లాగ్ సిమెంట్‌కి ఐఎస్ 455, అందులో స్లాగ్ 25 నుంచి 70 శాతం దాకా. రెండూ కలిపినదాన్ని కాంపోజిట్ సిమెంట్ అంటారు, 2015లో దానికి ఐఎస్ 16415 వచ్చింది. బూడిదకి కూడా విడిగా ఐఎస్ 3812 ఉంది, ఎంత మెత్తగా ఉండాలి, కాలని బొగ్గు ఎంతకి మించకూడదు (5 శాతం), సున్నంతో ఎంత బాగా కలవాలి, అన్నీ రాసి ఉంటాయి.

ఆ కాలని బొగ్గు ఎందుకంత ముఖ్యమో ఒక సంగతి చెప్తాను. రెడీమిక్స్‌లో చేస్తున్నప్పుడు ఒక రోజు పొద్దున్నే వచ్చిన ట్యాంకర్ శాంపిల్ తీస్తే మామూలు లేత బూడిద రంగు కాకుండా మసిలా నల్లగా ఉంది, వేలికి జిడ్డుగా అంటుకుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు వేస్తే పైన నల్లటి తెట్టు తేలింది. కనుక్కుంటే ఆ బూడిద వచ్చిన థర్మల్ యూనిట్‌ని ముందు రోజు రాత్రే ఆయిల్‌తో వెలిగించి మళ్లీ స్టార్ట్ చేశారట, బొగ్గు సరిగా కాలకముందు వచ్చిన బూడిద అది. వెనక్కి పంపించేశాం. అది పోసుంటే అడ్మిక్చర్‌ని (కాంక్రీట్ బాగా జారడానికి కలిపే మందుని) బొగ్గు పీల్చేసుకునేది, కాంక్రీట్ బిగుసుకుపోతే సైట్లో కుర్రాళ్లు నీళ్లు పోసేవాళ్లు, అక్కడితో బలం పోయేది. బూడిద బూడిదకీ తేడా ఉందని, ఆ తేడా పట్టుకునే ల్యాబ్ ఉన్న చోట కలిపితేనే అది సిమెంట్ అవుతుందని చెప్పడానికే ఇదంతా రాశా.

స్లాగ్ సిమెంట్ సంగతి

మీ బావమరిది చెప్పింది కరెక్టే, విశాఖ వైపు అదే ఎక్కువ నడుస్తుంది. పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర చిట్టెం చూసే ఉంటారు, పెద్ద స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఇనుము కరిగించే కొలిమిలో) పైన తేలేది కూడా ఆ జాతిదే. సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగి ఉన్నదాన్ని ఒక్కసారిగా నీళ్లతో చల్లబరిస్తే లేత పసుపు రంగులో ముతక పంచదారలాంటి గాజు రవ్వ అవుతుంది. దాన్ని మెత్తగా నూరితే సిమెంట్ పక్కన తనూ గట్టిపడుతుంది. నెమ్మదిగా ఆరనిస్తే రాయిలా తయారవుతుంది, అది కంకరగా తప్ప సిమెంట్‌కి అక్కరకు రాదు. పదార్థం ఒకటే, చల్లార్చిన తీరులో ఉంది తేడా అంతా.

సముద్రం గాలి తగిలే చోట, ఉప్పు నీళ్ల బోర్లున్న చోట నేను స్లాగ్ సిమెంటే చెప్తాను, ఉప్పుని లోపలికి రానివ్వడం బాగా తక్కువ. భీమిలి దగ్గర ఒక ఇంటికి అలాగే చెప్పా. పిల్లర్ షట్టరింగ్ విప్పిన రోజు ఆ ఇంటాయన కంగారుగా ఫోన్ చేశాడు, సార్ పిల్లర్లు నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో ఉన్నాయి, ఏదో కెమికల్ కలిసింది, పడగొట్టించెయ్యమంటారా అని. నిజానికి అది స్లాగ్ కాంక్రీట్ లక్షణం, గాలి తగలని చోట కొన్నాళ్లు ఆ రంగు ఉంటుంది, గాలి తగిలాక దానంతటదే పోతుంది. పది రోజులాగి చూడమన్నాను, మళ్లీ ఫోన్ రాలేదు, నేనే చేస్తే మామూలు రంగుకొచ్చేసింది సార్ అన్నాడు. మీరు స్లాగ్ సిమెంట్ తీసుకుంటే ఇది గుర్తుంచుకోండి.

మీ నరసరావుపేటకి మాత్రం పీపీసీ చాలు. స్లాగ్ సిమెంట్ అంత దూరం నుంచి తెప్పించుకోవాల్సిన పనేం లేదు.

మీ మేస్త్రి అన్నదాంట్లో నిజం ఎంత

కొంత నిజం ఉంది, ఆయన చూసి చెప్తున్నాడు, కాదనను. పీపీసీ మొదట్లో నెమ్మదిగానే ఉంటుంది. ఐఎస్ కోడ్ ప్రకారం 53 గ్రేడ్ ఓపీసీ మూడు రోజులకి 27, ఏడు రోజులకి 37, 28 రోజులకి 53 మెగాపాస్కల్స్ (బలం కొలిచే లెక్క) రావాలి. పీపీసీకి అడిగేది 16, 22, 33. ఈ అంకెలు చూసి పీపీసీ అంటే 33 గ్రేడే కదా అంటారు చాలామంది. అవి కనీసం రావాల్సినవి మాత్రమేనండి, మంచి కంపెనీల పీపీసీ 28 రోజులకి ఇంతకంటే చాలా పైనే వస్తుంది. పైగా ఓపీసీ 28 రోజుల తర్వాత పెరిగేది కొద్దిగానే, పీపీసీ తడి దొరికితే నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. నా నోట్‌బుక్‌లో ఎం20 రకం కాంక్రీట్ క్యూబుల (బలం చూడ్డానికి పోసే దిమ్మల) సెట్ ఒకటి ఉంది, ఒకే రోజు, ఒకే ఇసుక, ఒకే కంకర, సిమెంట్ మాత్రమే తేడా. ఏడు రోజులకి ఓపీసీ 22, పీపీసీ 16. నెలకి 33, 30. తొంభై రోజులకి ఓపీసీ 36 దగ్గర ఉంటే పీపీసీ 39. మేస్త్రి చూసేది ఆ మొదటి వారాన్నే, ఎందుకంటే తొంభయ్యో రోజుకి ఆయన వేరే సైట్లో ఉంటాడు.

ఇప్పుడు అసలు గొడవ ఎక్కడొస్తుందో చెప్తాను. 2009 ఎండాకాలం, గుంటూరు జిల్లాలోనే ఒక ఇల్లు. పీపీసీతో స్లాబ్ వేశారు, మూడో రోజు నుంచి బోర్‌లో నీళ్లు తగ్గాయి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పైప్‌తో చల్లి ఊరుకున్నారు. సెంట్రింగ్ సామాను అద్దెది, వేరే చోటికి వెళ్లాలని ఆరో రోజు విప్పేశారు. హాలు మధ్యలో స్లాబ్ కొద్దిగా కిందికి దిగింది, అడుగున వెంట్రుకవాసి పగుళ్లు. ఇంటాయన బూడిద సిమెంట్ ముంచేసిందని డీలర్ మీదికి వెళ్లాడు. నన్ను పిలిచింది అప్పుడే. అదృష్టం ఏంటంటే అదే లాట్‌వి మూడు బస్తాలు స్టోర్ రూమ్‌లో మిగిలున్నాయి. ఒకటి తీసుకెళ్లి ల్యాబ్‌లో సిమెంట్ పరీక్షకి వాడే ఎన్నూర్ ఇసుకతో క్యూబులు వేయించాను, 28 రోజులకి సిమెంట్ హాయిగా పాసయ్యింది. స్లాబ్ లోంచి డ్రిల్ చేసి తీసిన కాంక్రీట్ ముక్క (కోర్) బలం మాత్రం తక్కువొచ్చింది. పై రెండంగుళాలు చేత్తో గీకితే పొడి రాలుతోంది, అక్కడ నీళ్లే అందలేదు మరి. చివరికి హాలు మధ్యలో కొత్తగా బీము వేసి ఆపాల్సొచ్చింది, ఆ కుటుంబం పెట్టిన ఖర్చు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇంకొక్క వారం అద్దె కట్టి, నాలుగు ట్యాంకర్ల నీళ్లు తోలించుకుని ఉంటే సరిపోయేది.

బూడిద సిమెంట్‌కి నీళ్లు తక్కువైతే రెండో నష్టం కూడా ఉంది, ఇది డీలర్లు చెప్పరు. ఇనుముని కాపాడే సున్నాన్ని బూడిద కొంత వాడేసుకుంటుంది కాబట్టి పైపొర సరిగా తడవకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఓపీసీ కంటే తొందరగా లోపలికి చేరి ఇనుముకి రక్షణ తగ్గుతుంది. అందుకే కవర్ బ్లాకులు (ఇనుము చుట్టూ కాంక్రీట్ మందం ఉండేలా కింద పెట్టే దిమ్మలు) తప్పకుండా పెట్టించండి, స్లాబ్‌కి 20, బీములకి కనీసం 25 మిల్లీమీటర్లు. కంకర రాళ్లు పెట్టి కవర్ అంటే ఒప్పుకోకండి.

పీపీసీ వద్దని నేనే చెప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రీకాస్ట్ వాళ్లు మర్నాడే అచ్చులు విప్పాలి, వాళ్లకి ఓపీసీయే. అర్జెంట్ రిపేర్లకీ అంతే. డిసెంబర్‌లో ఆదిలాబాద్ లాంటి చోట రాత్రి చలికి బాగా మెల్లగా సెట్ అవుతుంది, అక్కడ సెంట్రింగ్ ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి. మీది ఏప్రిల్, పల్నాడు ఎండ, మీకు చలి బాధ లేదు, ఎండతోనే చిక్కు. ఆ ఎండలో పీపీసీకి ఒక లాభం కూడా ఉంది, సెట్ అయ్యేటప్పుడు పుట్టే వేడి ఓపీసీ కంటే తక్కువ, దాంతో వేడికి వచ్చే పగుళ్లు తగ్గుతాయి. ప్లాస్టరింగ్‌లో అయితే ఈ తేడా కంటికే కనిపిస్తుంది, 53 గ్రేడ్‌తో చేసిన గోడల మీద సాలెగూడు లాంటి పగుళ్లు ఎక్కువ.

బూడిద రెండుసార్లు కలపనివ్వకండి. రెడీమిక్స్ తెప్పించుకుంటే వాళ్లు ఓపీసీ తీసుకుని ఫ్లై యాష్ తామే విడిగా కలుపుతారు, అది మామూలే, తప్పు కాదు. కానీ బ్యాచ్ షీట్ (లోడ్‌లో ఏది ఎంత కలిపారో రాసిన కాగితం) అడిగి చూడండి, సిమెంట్ అన్న గడిలో పీపీసీ అని ఉండి కింద మళ్లీ ఫ్లై యాష్ కూడా ఉంటే ఆ లోడ్ దించుకోవద్దు.

మిగతా వ్యర్థాల గురించి కూడా జనం అడుగుతుంటారు, క్లుప్తంగా రాస్తా. గోదావరి జిల్లాల నుంచి రైస్ మిల్లు ఊక బూడిద గురించి చాలామంది అడుగుతారు. ఊకలో సిలికా దండిగా ఉంటుంది, అదుపులో పెట్టిన వేడిలో కాల్చి నూరితే చాలా మంచి పదార్థం, కానీ మిల్లు బాయిలర్ నుంచి వచ్చే నల్ల బూడిదలో బొగ్గు ఎక్కువ, వేడి మించితే సిలికా కూడా పనిచేయని రూపంలోకి మారిపోతుంది, కాబట్టి నేరుగా వాడకండి. బేతంచర్ల, తాండూరు రాళ్ల పాలిష్ బురద సున్నపురాయి పొడి, ఫ్యాక్టరీలో లెక్కగా కొద్దిగా వాడతారేమో గానీ సైట్లో కలపొద్దు. ఎరువుల ఫ్యాక్టరీల ఫాస్ఫోజిప్సమ్‌ని సిమెంట్ వాళ్లు సహజ జిప్సమ్ బదులు వాడుతుంటారు, సెట్టింగ్ టైమ్ కోసం, అది మామూలే. అన్నిటికంటే భయపడాల్సింది ఉక్కు తయారీలో వచ్చే కన్వర్టర్ స్లాగ్ గురించి, ఇది పైన చెప్పిన బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ కాదు. దీంట్లో కలవని సున్నం ఉంటుంది, తడి తగిలి ఏళ్ల తర్వాత పొంగుతుంది. సరిగా మాగబెట్టకుండా ఒక గోడౌన్ ఫ్లోర్ కింద పోసేశారు, రెండేళ్లకి ఫ్లోర్ గుడారాల్లా అక్కడక్కడ పైకి లేచింది, ఫోర్క్‌లిఫ్ట్ నడవలేకపోయింది. స్లాగ్ అన్న పేరు ఒకటే కదా అని ఎవరైనా చవగ్గా ఇస్తే తీసుకోకండి.

కంపెనీలకి లాభమే కదా అని మీరు అడిగారు. అవును, లాభమే, దాచాల్సిందేం లేదు. క్లింకర్ (నూరి సిమెంట్ చెయ్యడానికి సున్నపురాయిని కాల్చి తీసే ముద్దలు) కాల్చాలంటే 1450 డిగ్రీలు కావాలి, టన్ను క్లింకర్‌కి దగ్గర దగ్గర 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. క్లింకర్ తగ్గితే బొగ్గు తగ్గుతుంది, సున్నపురాయి తవ్వకం తగ్గుతుంది. థర్మల్ ప్లాంట్ల పక్క ఊళ్లలో ఎండాకాలం గాలి లేస్తే బట్టలు ఆరేసుకోలేరు, కంచాల్లో బూడిద పడుతుంది, ఆ జనం బాధ నేను దగ్గర్నుంచి చూశాను. ఆ బూడిద నా స్లాబ్‌లో గట్టిగా ఇమిడిపోతే నాకు సంతోషమే. 1999లో కేంద్రం బూడిద వాడకం మీద నోటిఫికేషన్ తెచ్చింది కూడా ఇందుకే.

ఇక మీ స్లాబ్‌కి వద్దాం. బస్తా మీద ఫ్లై యాష్ బేస్డ్ అని, ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం, సంవత్సరం ఉంటాయి, మూడు నెలలు దాటింది వద్దు, కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టుంటే అస్సలు వద్దు. సిమెంట్ రంగు చూసి బలం లెక్కగట్టకండి, నల్లగా ఉంటే గట్టిదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, దానికి బలానికి సంబంధం లేదు. స్లాబ్ తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా సగం పైన అయ్యేట్టు చూడండి. కాంక్రీట్ జారట్లేదని నీళ్ల పైప్ లాగితే ఆపండి, ఆ రోజు మీరు అక్కడే నిలబడండి. ఫినిషింగ్ అవగానే ప్లాస్టిక్ పట్టా కానీ తడి గోనె సంచులు కానీ కప్పండి, మర్నాడు పొద్దున మడులు కట్టి నీళ్లు నిలపండి. కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 తడి పెట్టడానికి ఓపీసీకి కనీసం ఏడు రోజులు, బూడిద సిమెంట్లకి కనీసం పది, వీలైతే పద్నాలుగు అంటుంది, మీరు పద్నాలుగే పెట్టుకోండి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కి ఓపీసీతో ఏడు రోజులకి సపోర్టులు తియ్యొచ్చని కోడ్‌లో ఉంది, మీరు పద్నాలుగు దాకా కదిలించకండి, ఆరు మీటర్ల లోపు బీముల కింద 21. సెంట్రింగ్ అద్దె ఇప్పుడే ఆ లెక్కన మాట్లాడుకోండి, తర్వాత మాట్లాడితే వాళ్లు వినరు.

బోర్‌లో ఏప్రిల్‌లో నీళ్లుంటాయా లేదా ముందే చూసుకోండి. ట్యాంకర్లు తోలించాల్సొస్తే ఉప్పు నీళ్లు తేకుండా చెప్పండి. వేసేటప్పుడు ఆరు క్యూబులు తీయించి మూడు ఏడో రోజుకి, మూడు 28కి దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో కొట్టించండి, పెద్ద ఖర్చేం కాదు. ఏడో రోజు అంకె తక్కువొస్తే కంగారు పడకుండా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. హాలు స్పాన్ ఎంతో మీరు రాయలేదు, అది కూడా చెప్పండి.